జాలు నీటి క్యాడిస్ ఈగను వర్ణించబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, ఒక క్యాడిస్ ఈగను, అంటే నీటిలో పెరిగి చిమ్మటలా కనిపించే పురుగును, కొత్త జాతిగా వర్ణిస్తూ నీవు రాసిన చిత్తుప్రతీ దానితో పంపిన చిత్రాలూ అందాయి. పాడేరు కొండల్లో, రాతి మీద పలుచని నీటి పొర మాత్రమే జారే ఒక జాలు దగ్గర, మూడు మిల్లీమీటర్లు కూడా లేని ఈ జీవిని పట్టుకుని, అది స్టాక్టోబియా ప్రజాతికి చెందినదని పోల్చుకోవడమే పెద్ద పని. హైడ్రాప్టిలిడే కుటుంబపు పురుగులను ఏవో చిన్న చిమ్మటలనుకుని చాలామంది రాత్రి దీపం దగ్గర పురుగుల కోసం కట్టిన తెల్లగుడ్డ మీదే దులిపేస్తారు. నీవు దులపలేదు. ఆ సంతోషంతోనే, చదువుతూ నేను ఆగిపోయిన చోట్లన్నీ దాచకుండా రాస్తున్నాను.

మొదటి రెండు పేజీల్లో ఈ జీవి ఎలా ఉంటుందో ఎంతో శ్రద్ధగా చెప్పావు: గోధుమ రంగు దేహం, సన్నని రెక్కలు, వాటి అంచున పొడవాటి రోమాలు. అన్నీ నిజమే. అయితే ఈ కుటుంబంలో ఇప్పటికి రెండు వేలకు పైగా జాతులు వర్ణితమయ్యాయి. పైపైన చూస్తే వాటిలో చాలా భాగం ఇలాగే ఉంటాయి. నీ వ్యాసం ఎవరి చేతికి వెళ్తుందో ఊహించు. ఇంకో యాభై ఏళ్లకు మరో కొండ మీద మరొకరు ఇలాంటి పురుగునే పట్టుకుని, తన సీసాలోనిది నీవు చెప్పినదేనా, కాదా అని తేల్చుకోవడానికి నీ పేజీ తెరుస్తారు. "కాదు" అని ధైర్యంగా అనగలిగే ఆధారం ఆ మనిషికి నీ వాక్యాల్లో దొరకాలి. అందువల్ల భేదాలు చెప్పే పేరాయే ఈ రచనకు ప్రాణం, నీవు దానికి ఒకే ఒక్క వాక్యం ఇచ్చావు: "సమీప జాతులన్నింటికంటే స్పష్టంగా భిన్నమైనది." ఏ జాతి కంటే? జాతులను వేరుచేసే మగజీవి జననాంగాల్లో ఏ భాగంలో? పక్క నుంచి చూస్తేనా, కింది నుంచి చూస్తేనా? క్యాడిస్ ఈగల నిపుణుడు ఫెర్నాండ్ ష్మిడ్ ఈ ప్రజాతి మీద రాసిన వ్యాసం ఫ్రెంచిలో ఉందని దాన్ని పక్కన పెట్టవద్దు. చిత్రాలు చదవడానికి ఫ్రెంచి అవసరం లేదు, ఒక్కొక్క చిత్రం పక్కన నీ చిత్రాన్ని ఉంచి చూడు.

చిత్రాల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. నా తొలి జాతిని ఒకే ఒక మగజీవి ఆధారంగా వర్ణించాను. పొట్ట చివరి భాగాన్ని, లోపలి కండ కరిగి గట్టి భాగాలు కనబడేలా, పది శాతం కాస్టిక్ పొటాష్‌లో వేడిచేసి, గ్లిజరిన్‌లో ఉంచి గీశాను. కానీ అది స్లైడు గుంటలో కొద్దిగా పక్కకు ఒరిగి ఉందని గమనించలేదు. వెనుక వైపు ముల్లు ముందు ముల్లు పక్కన కనిపించడంతో ఒకే అవయవం రెండుగా చీలినట్లు గీసి, ఆ చీలికే కొత్త జాతికి గుర్తు అని రాశాను. కొన్నేళ్లకు మరొకరు నా నమూనాను తెప్పించుకుని తిప్పి చూస్తే, అది అంతకుముందే పేరున్న జాతి అని తేలింది. ఆ పేరు ఈనాటికీ పర్యాయనామాల పట్టికలో, అంటే ఒకే జాతికి అనవసరంగా పెట్టిన పేర్ల మధ్య, ఉంది, దాన్ని చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది. నీ మూడో చిత్రంలో కుడి ఎడమలు సమానంగా లేవు. నిజంగానే ఈ జీవిలో అసమానత ఉన్నదా, లేక నమూనా ఒరిగిందా? రెండో మగజీవిని తీసి మళ్లీ గీయి. కాస్టిక్ పొటాష్ మరీ కరిగిస్తుందని భయంగా ఉంటే లాక్టిక్ ఆమ్లం వాడు, అది నెమ్మదిగా పనిచేస్తుంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది ఆవాసం గురించిన పేరా. "ఈ జాతి కొండ జాళ్లలో నివసిస్తుంది" అని రాశావు. నీ దగ్గర ఉన్నవన్నీ దీపానికి వచ్చిన ప్రౌఢజీవులు. నీవు గుడ్డ కట్టిన చోటికి నలభై అడుగుల దూరంలో గెడ్డ (కొండవాగు) పారుతోందని నీ క్షేత్ర పుస్తకంలోనే ఉంది. ఆ పురుగు జాలులోంచి వచ్చిందో గెడ్డలోంచి వచ్చిందో దీపం చెప్పదు. ఈ ప్రజాతిలోని జీవులు తడి రాళ్లను ఆశ్రయిస్తాయన్నది తెలిసిన సంగతే కాబట్టి నీ ఊహ బహుశా సరైనదే, అయినా ఊహను ఊహగానే రాయాలి. చూసినదాన్ని మాత్రం ఉదారంగా రాయి: అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, దీపం వెలిగించిన సమయం, రాతి రకం, నీడ, నాచు, నీటి పొర మందం, వేసవిలో ఆ జాలు ఎండుతుందా అన్నది. ఆ ఊరి పెద్దలు ఈ చివరి ప్రశ్నకు నీకంటే బాగా జవాబు చెబుతారు, అడుగు. "పాడేరు సమీపాన" అనే చిరునామాతో వెళ్లినవారికి ఆ జాలు ఎప్పటికీ దొరకదు.

జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమాల సంగతి క్లుప్తంగా. 1999 తరువాత ప్రచురించే ఏ కొత్త జాతికైనా హోలోటైప్ లాంటి, పేరుకు ఆధారమైన నమూనాను స్పష్టంగా నిర్దేశించాలి, అది ఏ సంగ్రహంలో ఉంటుందో చెప్పాలి. పత్రిక కేవలం ఆన్‌లైన్‌లో వెలువడేదైతే జంతువుల పేర్ల అధికారిక నమోదు పట్టిక అయిన జూబ్యాంక్‌లో ముందే నమోదు చేయించి, ఆ సంగతి వ్యాసంలోనే కనబడేలా చూడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి సమాచారాన్నీ నమూనాలనూ నిర్దేశిత సంస్థకు అప్పగించాలి కనుక, హైదరాబాదులోని జూలాజికల్ సర్వే మంచినీటి జీవశాస్త్ర కేంద్రంలో ఇప్పుడే విచారించు. పేరు విషయంలో తొందరపడకు. స్టాక్టోబియా స్త్రీలింగ పదం, విశేషణంగా పెట్టే పేరు దానికి అనుగుణంగా ఉండాలి. ఆ కొండవాళ్ల మాటల్లో జాలుకు ఉన్న పేరు తెలుసుకుని, వారి సమ్మతితో వాడగలిగితే నాకు ఎంతో ఇష్టం.

వర్షాలు వెనక్కి తగ్గాక, జాలు ఎండకముందే అనుమతి పత్రంతో మళ్లీ వెళ్లు. రాతి పగుళ్లలో, నాచు అంచున అతికి ఉన్న గూళ్లను భూతద్దంతో వెతుకు. ఈ కుటుంబంలో మొదటి నాలుగు దశల డింభకాలకు (లార్వాలకు) గూడు ఉండదు, అయిదో దశలోనే కట్టుకుంటాయి కాబట్టి గూడు కనిపించిందంటే ప్యూపా, అంటే డింభకం ప్రౌఢజీవిగా మారే దశలోని పురుగు, దొరికే అవకాశం ఉంది. పక్వమైన మగ ప్యూపా ఒక్కటి చాలు: లోపల ప్రౌఢజీవి జననాంగాలు ఏర్పడి ఉంటాయి, అది విడిచిన డింభక చర్మపు గట్టి పలకలు అదే గూటిలో మిగిలి ఉంటాయి. అప్పుడు డింభకానికీ ప్రౌఢజీవికీ సంబంధం నిరూపితమవుతుంది, "జాళ్లలో నివసిస్తుంది" అన్న నీ వాక్యాన్ని అక్షరం మార్చకుండా ఉంచుకోవచ్చు. అంతవరకు మూడో చిత్రం, భేదాల పేరా తిరగరాసి పంపు.

నీ శ్రేయోభిలాషి