అడగండి, చెబుతాం: ఇటలీ ప్రయాణం

ప్రశ్న: ఏప్రిల్‌లో అమ్మతో కలిసి రోమ్, పాంపేయి వెళ్తున్నాను. అమ్మ మాంసం, చేప ముట్టదు. మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: కొలోసియం టికెట్లు అధికారిక సైట్‌లో 30 రోజుల ముందు వస్తాయి, తొందరగా అయిపోతాయి. టికెట్ మీద పేరు ఉంటుంది. మన అలవాటు కొద్దీ ఇంటిపేరుకి పొడి అక్షరం పెట్టకండి, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. అదే టికెట్‌తో పక్కనే ఉన్న పాత రోమ్ శిథిలాలు, ఫోరమ్, పాలటైన్ కొండ కూడా చూడొచ్చు.

పాంపేయికి నేపుల్స్ నుంచి సర్కంవెసువియానా రైలెక్కి ‘పాంపేయి స్కావి’లో దిగండి, గేటు ఎదురుగానే ఉంటుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఊరు అది, బండల వీధులు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీడ తక్కువ. అమ్మగారికి రబ్బరు అడుగు బూట్లు తప్పనిసరి. ఊరంతా తిరగాలనుకోవద్దు. వీధికి అడ్డంగా వేసిన ఎత్తు రాళ్ల మధ్య బండిచక్రాలు కోసిన గాళ్లు చూడండి. అరుగుల్లో కుండలు పాతిన తిండి అంగళ్లు కూడా చూడండి, వండిన తిండి అమ్మింది అక్కడే.

భోజనానికి కార్బొనారా, అమత్రిచానా పాస్తాలు వద్దు, రెండింటిలోనూ పంది మాంసం ఉంటుంది. గుమ్మడిపువ్వు వేపుడు చూసి మోసపోకండి, రోమ్‌లో లోపల ఆంకోవీ చేప పెడతారు. పెకోరినో చీజ్‌లో పాలు విరగడానికి గొర్రెపిల్ల కడుపులోని రెన్నెట్ వాడతారు. అందుకే ‘పిజ్జా మరినారా’ అడగండి: టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. ముక్కల పిజ్జా తూకానికి అమ్ముతారు, ‘ఉన్ ఎత్తో’ అంటే 100 గ్రాములు.

రోమ్‌లో వీధి కుళాయిల నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, ఖాళీ సీసా దగ్గరుంచుకోండి.