క్రీమ్ పోసి బేక్ చేసిన బంగాళదుంప తినొచ్చా?

ప్రశ్న: నా వయసు 46. ఈమధ్య పరీక్షల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148 వచ్చింది. షుగర్, బీపీ లేవు. క్రీమ్, చీజ్ వేసి ఓవెన్‌లో బేక్ చేసిన బంగాళదుంప నాకు చాలా ఇష్టం. వారానికి రెండు మూడుసార్లు భోజనంలోకి చేసుకుంటాను. దుంపల వల్లే కొలెస్ట్రాల్ పెరిగిందని ఇంట్లో వాళ్లు పోరుతున్నారు. మానేయాలా డాక్టర్?
- ఒక పాఠకురాలు

జవాబు: అనవసరంగా నింద మోస్తోందమ్మా ఆ దుంప! ఉడికించిన 100 గ్రాముల దుంపలో సుమారు 85 కేలరీలు, 20 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. కొవ్వు లేనట్టే లెక్క. పైగా పొటాషియం, కాస్త విటమిన్-సి దొరుకుతాయి.

ట్రేలో క్రీమ్ పోయగానే లెక్క మారిపోతుంది. కిలో దుంపలకు 300 మి.లీ. చిక్కటి క్రీమ్, 100 గ్రాముల చీజ్, 30 గ్రాముల వెన్న వేశారనుకుందాం. దాన్ని ఆరుగురు పంచుకుంటే తలా 400 కేలరీల దాకా వస్తాయి. అందులో దుంప వాటా 130 మాత్రమే. సంతృప్త కొవ్వు తలా 17 గ్రాములు పడుతుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పరిమితే 22 గ్రాములు. భోజనంలో నంజుకునే ఒక్క వంటకానికే రోజు వాటాలో ముప్పాతిక అయిపోయిందన్నమాట. ఎల్‌డీఎల్‌ను పెంచేది ఈ కొవ్వే.

మానేయక్కర్లేదు. క్రీమ్ బదులు అన్నే వెన్న తీసిన పాలు తీసుకుని, రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరచండి. ఈ ఒక్క మార్పుతో సంతృప్త కొవ్వు 17 నుంచి 6 గ్రాములకు దిగుతుంది. చీజ్ జోలికి నేను వెళ్లను. పైన ఎర్రగా కాలిన ఆ పొర లేకపోతే మీరు నాలుగు రోజుల్లో మళ్లీ క్రీమ్‌కే వెళ్తారు! చీజ్‌లో ఉప్పు ఎలాగూ ఉంటుంది కాబట్టి విడిగా వేసేది తగ్గించండి. తొక్క తీయకపోతే పీచు కూడా అందుతుంది. దుంప తిన్న పూట అన్నమో బ్రెడ్డో సగానికి తగ్గించాలి, అదీ పిండిపదార్థమే కదా.

కిడ్నీ జబ్బున్న వారు ఎవరైనా మీతో కలిసి తింటుంటే, దుంపలోని పొటాషియం గురించి వారి డాక్టర్‌ను ముందే అడగమనండి.

మూడు నెలలు ఇలా తిని మళ్లీ లిపిడ్ పరీక్ష చేయించుకోండి. అప్పుడు థైరాయిడ్ పరీక్ష కూడా రాయించుకోండి. అది మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది.