గడ్డం మీద వెంట్రుకలకు లేజర్ చేయిస్తే మళ్లీ రావా? నొప్పి ఉంటుందా?

నొప్పి ఉంటుంది కానీ భరించలేనంత కాదు. రబ్బరు బ్యాండు సాగదీసి వదిలితే తగిలినట్టు చురుక్కుమంటుంది. పై పెదవి దగ్గర మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. కాలిన వెంట్రుకల వాసన సంగతి ఎవరూ ముందు చెప్పరు, నాకు అదే ఎక్కువ ఇబ్బంది.

మళ్లీ వస్తాయి. కాకపోతే తక్కువగా, సన్నగా వస్తాయి. నాకు పీసీఓడీ, అంటే అండాశయాల్లో హార్మోన్ల తేడా. లోపల హార్మోన్లు అలాగే ఉంటే కొత్తవి మొలుస్తూనే ఉంటాయి కాబట్టి సిట్టింగులు అయిపోయాక కూడా అప్పుడప్పుడూ వెళ్లాల్సిందే. నన్నడిగితే, నెలసరి సరిగ్గా రానివాళ్లు రక్తపరీక్ష చేయించుకోకుండా లేజర్ మొదలుపెట్టడం డబ్బు దండగ. "లైఫ్‌టైమ్ గ్యారంటీ" అంటూ, డాక్టర్ని చూడకముందే ఈఎంఐ లెక్కలు చెప్పే చోటైతే కాఫీ కూడా తాగకుండా లేచి వచ్చేయండి.

నా మొదటి సిట్టింగ్‌కి మా అత్తయ్య తోడొచ్చారు. అక్కడి అమ్మాయి రేజర్ తీసి నా గడ్డం గీయబోతే ఈవిడ గొల్లుమన్నారు. "ఆడపిల్ల మొహానికి రేజరేంటి! రేపు మగాళ్లలా మొలవదూ?" ఆ అమ్మాయి పని ఆపకుండానే, "పైన వెంట్రుక ఉంటే అదే కాలి చర్మం మాడుతుందండీ. మాకు లోపలి వేరు చాలు" అంది. అందుకే ఒక నెల ముందు నుంచీ థ్రెడింగ్, వ్యాక్సింగ్ మానేయమంటారు. వేరునే లాగేస్తే లేజర్‌కి పట్టుకోవడానికేం మిగులుతుంది? షేవింగ్‌తో దట్టంగా పెరుగుతాయన్నది ఒట్టి మాట.

అత్తయ్య నమ్మలేదు. ఇంటికొచ్చేదాకా ఆటోలో సున్నిపిండి పురాణమే. పది రోజులకి నల్ల మొనలు బయటికొచ్చేసరికి "చెప్పానా!" అన్నారు. నేను తడి తువ్వాలుతో రుద్దాను, అన్నీ తువ్వాలుకి అంటుకుని ఊడొచ్చాయి. కాలిన వెంట్రుకలు అలాగే బయటికి వస్తాయి. అది చూసి ఆవిడ గొంతు తగ్గించి, "నాకూ చేస్తారేమో కనుక్కో" అన్నారు. ఆవిడవి నెరిసిపోయాయి. లేజర్ పట్టుకునేది నల్లరంగునే, తెల్లవాటికి పనిచేయదు. మీకు నెరుపు మొదలవుతుంటే ఇక ఆలస్యం చేయకండి.

అన్ని వెంట్రుకలూ ఒకేసారి పెరిగే దశలో ఉండవు కాబట్టి 4-6 వారాల తేడాతో చాలాసార్లు వెళ్లాలి. చామనఛాయ, నలుపు ఒళ్లయితే ఏ మిషనో అడగండి. ముదురు రంగుకి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ క్షేమం. ఎండలో కమిలిన మొహంతో మాత్రం వెళ్లకండి.