స్పైక్స్ విప్పే ముందు

మల్లేశ్వరం, బెంగళూరు

చిట్టితల్లీ,

ఈ సీజన్‌తో పరుగు పందేల ఆట ఆపేస్తానని రాశావు. "ఇంక నాకంటూ ఓ ఇల్లు, ఓ మనిషి కావాలి పెద్దమ్మా" అన్నావు. నాకు సంతోషమే. గాయం తోసేయకుండా, సెలెక్టర్లు పక్కన పెట్టకుండా, 29 ఏళ్లకు నీ అంతట నువ్వు దిగుతున్నావు. ఆ అదృష్టం అందరికీ దొరకదు. కానీ దిగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. చివరి రేసు అయిన మర్నాడే అన్నీ ఒక్కసారి వదిలేసి, ఆ ఖాళీలోకి ఎవరు ముందొస్తే వాళ్లని పెళ్లి చేసుకుని, ఏడాది తిరిగేసరికి "నాకేమైంది?" అని తల పట్టుకునే పిల్లలున్నారు. నీకు ఆ తొందర వద్దు. ముందు ఆటని మూడు నెలల్లో మెల్లగా దించు. మనిషిని వెతకడం ఆ తర్వాత.

మొదట కాగితాలు, ఎందుకంటే అక్కడ జరిగిన తప్పు తర్వాత దిద్దుకోవడం కష్టం. నువ్వు డోపింగ్ పరీక్షల రిజిస్టర్డ్ పూల్‌లో, అంటే ఎప్పుడైనా వచ్చి పరీక్షించే క్రీడాకారుల జాబితాలో ఉన్నావు. పొద్దున 5 నుంచి రాత్రి 11 లోపల ఏదో ఒక గంట ఎక్కడుంటావో రోజు రోజుకీ ముందే రాసిచ్చే బాధ్యత, ఇన్‌స్టాగ్రామ్‌లో వీడ్కోలు చెప్పినంత మాత్రాన పోదు. ఆట మానేస్తున్నానని ఫెడరేషన్‌కీ, డోపింగ్‌ను అడ్డుకునే జాతీయ సంస్థ నాడాకీ కాగితం రాసి, తేదీ వేసి సంతకం పెట్టి పంపాలి. పూల్ నుంచి తీసేశామని జవాబు వచ్చేదాకా ఆ ఎక్కడుంటావో చెప్పే వివరాలు (వేర్‌అబౌట్స్) నింపుతూనే ఉండు. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది డోపింగ్ నేరం కిందే లెక్క, మామూలుగా రెండేళ్ల నిషేధం. పిల్లలు ఎక్కడ దొరికిపోతారంటే, ఆ గంటకి హాస్టల్ అని రాసి ఉంటుంది, మనిషేమో పెళ్లిచూపులకని రాత్రి బస్సెక్కి కడప వెళ్లిపోతుంది. తెల్లవారి తలుపు తట్టినవాళ్లకి ఖాళీ మంచం కనిపిస్తుంది. "ఎలాగూ ఆపేస్తున్నాను కదా" అంటే అక్కడ చెల్లదు. మందుల సంగతీ అంతే. జవాబు చేతికొచ్చేదాకా జలుబు మాత్రైనా టీమ్ డాక్టరుకు చూపించాకే వేసుకో.

కాగితం పంపాక మనసు మారితే? మారొచ్చు. ఆరు నెలల ముందు రాసిచ్చి, ఆ ఆరు నెలలూ పరీక్షలకు అందుబాటులో ఉంటే మళ్లీ పోటీకి రావచ్చు. ఆష్లీ బార్టీ 2014లో టెన్నిస్ వదిలి క్రికెట్ ఆడింది, 2016లో తిరిగొచ్చి ఆ తర్వాత నంబర్ వన్ అయింది, 2022లో ఆ ర్యాంకులో ఉండగానే 25 ఏళ్లకు మళ్లీ దిగిపోయింది. ఇంకో టెన్నిస్ ఆటగత్తె కిమ్ క్లైస్టర్స్ 2007లో ఆపి, బిడ్డను కని, 2009లో వచ్చి యూఎస్ ఓపెన్ గెలిచింది. బరువులెత్తే మన కరణం మల్లీశ్వరి పెళ్లి 1997లో, సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం 2000లో. అందుకని "ప్రేమ కావాలంటే పరుగు వదలాలి" అని మాత్రం నీకు నువ్వు చెప్పుకోకు. అలా చెప్పుకున్నావంటే రేపు వచ్చే మనిషి నెత్తిన ఆ పరుగంతా బాకీగా పడుతుంది. పాపం, అతను తీర్చలేడు. చాలనిపించింది కాబట్టి ఆపు, ఎవరి కోసమో కాదు.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్తాను. అంతర్జాతీయ పతకాలు తెచ్చినవాళ్లకు కేంద్రం ఇచ్చే పింఛను 30 ఏళ్లు నిండి, ఆట మానేశాకే వస్తుంది. 2018లో పెంచిన లెక్క ప్రకారం నీ ఆసియా క్రీడల కాంస్యానికి నెలకు 12,000. పుట్టినరోజు వెళ్లగానే అర్జీ పెట్టు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ ఊళ్లో బీరువాలో ఉన్నాయంటే ఇప్పుడే తెప్పించుకో. ఏడాది ఖర్చు విడిగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, నీ ఒక్కదాని పేరు మీద ఉండాలి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం కాబట్టి క్యాంపులకిచ్చే ప్రత్యేక సెలవులూ, మధ్యాహ్నం ట్రాక్‌కి వదిలే వెసులుబాటూ ఇక ఉండవు. ప్రకటనకు ముందే మీ పై అధికారిని కలిసి ఏ సీటు ఇస్తారో అడుగు. ఫైలు పని మొదటి నుంచి నేర్పించమని అడగడానికి మొహమాటపడకు. ఇంకోటి, పాత నొప్పులన్నిటికీ స్కానింగులు క్యాంపులో ఉండగానే తీయించుకో. ఆ ఎడమ మడమ సంగతి నాకు తెలుసు. బయటికొచ్చాక ఆ ఎమ్మారై ఖర్చు నీదే.

ఇప్పుడు ఒళ్లు. ఇది నిదానంగా చదువు.

వారానికి 80 కిలోమీటర్లు పరిగెత్తే ఒంట్లో రక్తం, అందులోని నీటి భాగమైన ప్లాస్మా ఎక్కువగా ఉంటాయి, గుండె గదులు పెద్దవై ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే రెండు వారాల్లోనే ఆ ప్లాస్మా తగ్గడం మొదలవుతుంది. అప్పుడు కూర్చుని లేస్తే కళ్లు తిరగడం, పడుకున్నప్పుడు గుండె దడదడలాడటం, నిద్ర పట్టకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం, ఇవి మొదలు కావచ్చు. చాలామంది దాన్ని దిగులనుకుని మనసునే తప్పుపట్టుకుంటారు. అందులో సగం ఒంటి పని. అందుకే మెట్లు కట్టుకుని దిగాలి. మొదటి రెండు వారాలు 60 కిలోమీటర్లు, తర్వాతి రెండు 45, రెండో నెలంతా 35, మూడో నెల చివరికి నాలుగు రోజుల్లో కలిపి 20 నుంచి 25. వారానికి ఒక్కరోజు వంద మీటర్ల చొప్పున ఆరుసార్లు హుషారుగా పరిగెత్తు, వాచీ లేకుండా. బరువులెత్తడం వారానికి రెండుసార్లు మానకు, ఎముకకి అది కావాలి. కంఠీరవ స్టేడియంలో కాకుండా కబ్బన్ పార్కులోనో, లాల్‌బాగ్‌లోనో పరిగెత్తు. ట్రాక్ మీద అడుగు పెడితే కాలు దానంతటదే ల్యాపు లెక్క పెడుతుంది.

పొద్దున మంచం దిగకముందే మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి నిమిషం పాటు నాడి లెక్కపెట్టు. వంటింట్లో తగిలించిన క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో పెన్సిల్‌తో అంకె రాయి. ఇప్పుడు నీకు 44, 45 ఉంటుంది. మూడు నాలుగు నెలల్లో 55, 60కి వస్తే భయపడకు, మామూలు మనిషి అంకె అదే. దడతో పాటు స్పృహ తప్పినట్టైనా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, ఇన్నేళ్లు పరిగెత్తినదాన్నని ముందే చెప్పి ఈసీజీ, ఎకో తీయించుకో. ఆ మాట చెప్పకపోతే అథ్లెట్ గుండెని చూసి జబ్బు గుండె అనుకునే ప్రమాదం ఉంది.

తిండి దగ్గర చిక్కేమిటంటే పరుగు తగ్గిన రోజే ఆకలి తగ్గదు. అది కొన్ని వారాలు వెనకబడి వస్తుంది. ఆ వారాల్లోనే కొందరు పది కిలోలు పెరుగుతారు, ఇంకొందరు భయపడి కడుపు మాడ్చుకుంటారు. రెండోది మరీ చేటు. తగ్గించే వరుస ఇది. మొదట డబ్బాల్లోంచి వచ్చేవి తీసెయ్యి, అంటే జెల్స్, షేక్‌లు, చక్కెర కలిపిన ఎలక్ట్రోలైట్ నీళ్లు. రెండో వారం నుంచి పరుగు ముందు, తర్వాత తినే అరటిపళ్లూ, బ్రెడ్డూ. నెల తర్వాత రెండు ముద్దల సంగటిని ఒకటిన్నరకీ, ఆ తర్వాత ఒకటికీ తీసుకురా. గుడ్లు, పప్పు, పెరుగు, కోడికూర తగ్గించకు. నీ బరువుకి రోజుకి 65 గ్రాముల ప్రోటీన్ ఉండాలి. త్రాసు వారానికి ఒక్కసారే ఎక్కు. మూడు నుంచి ఐదు కిలోలు పెరుగుతావు, పెరగాలి కూడా. పాత జీన్స్‌తో పోట్లాడకుండా కొత్తవి కొనుక్కో.

నెలసరి సంగతి మీ అమ్మని అడగలేవని తెలిసే రాస్తున్నా. తిన్నదానికంటే ఎక్కువ ఖర్చు చేసే ఒంట్లో నెలసరి ఆగిపోవడం క్యాంపుల్లో "మామూలే" అంటారు. మామూలు కాదు. మూడు నెలలు దాటి రాకపోతే గైనకాలజిస్టును కలువు. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్, విటమిన్ డి, థైరాయిడ్, ఎముక సాంద్రతకి డెక్సా స్కాన్, ఈ నాలుగూ అడిగి చేయించుకో. తిండి, బరువు కుదుటపడ్డాక చాలామందికి తిరిగి వస్తుంది, కానీ కొన్ని నెలలు పట్టొచ్చు. ఇంకో మాట గుర్తుంచుకో. ఆగిన నెలసరి మళ్లీ కనపడకముందే అండం విడుదల కావచ్చు, అంటే ఆ మధ్యలో కూడా గర్భం రావచ్చు. రాదులే అనుకోవద్దు.

తెల్లవారుజామున నాలుగున్నరకి మెలకువ ఇంకా చాలా నెలలు వస్తుంది. అన్నిటికంటే బరువైన గంట అదే. ఫోన్ తీసి పాత జట్టువాళ్ల టైమింగులు చూడటం మొదలెట్టావంటే రోజంతా పాడు. ఆ గంటకి చేతులతో చేసే పని పెట్టు. ఎనిమిదో క్రాస్ మార్కెట్‌కి పూలు దిగే వేళకి వెళ్లు, కూరగాయలు బేరమాడు, కన్నడ అక్షరాలు దిద్దు. ఈ ఊళ్లోనే ఉద్యోగం చేస్తూ బోర్డులు చదవలేకపోవడం బాగుండదు. కోచ్ అవుతానన్నావు, అవ్వు, కానీ ఈ ఏడాది వద్దని నా అభిప్రాయం. మానిన మర్నాడే స్టాప్‌వాచ్ పట్టుకుని ట్రాక్ పక్కన నిలబడితే పుండు ఆరదు. భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) బెంగళూరు కేంద్రం, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) నడిపే కోచింగ్ డిప్లొమా ఏడాది కోర్సు. వచ్చే ఏటి అడ్మిషన్లకు చూడు. 2024లో కేంద్రం మొదలుపెట్టిన రీసెట్ అనే శిక్షణ పథకం కూడా 20 నుంచి 50 ఏళ్ల వయసున్న, రిటైరైన క్రీడాకారులకే.

ఇక మనిషి సంగతి. నీకున్న స్నేహాలన్నీ క్యాంపువే. వాళ్లు తర్వాతి మీట్‌కి వెళ్లిపోతారు, ఫోన్ మోగదు. ఆ నిశ్శబ్దంలో కడప నుంచి వచ్చే సంబంధాల ఫోన్లు తియ్యగా వినిపిస్తాయి. నాన్నకి "నాడా జవాబు, ఆ పైన ఆరు నెలలు" అని గడువు చెప్పు. తేదీ చెప్తే పెద్దవాళ్లు ఆగుతారు, "చూద్దాం" అంటే ఆగరు. బయోడేటాలో ఉద్యోగం, చదువు, ఊరు రాశాక పతకం గురించి ఒక్క వాక్యం చాలు. పోడియం ఫోటో పెట్టొద్దు, చీరలోనో సల్వార్‌లోనో మామూలుగా నవ్వుతున్నది పెట్టు. పోడియం ఫోటో చూసి వచ్చేవాళ్లు ఆ ఫోటో కోసమే వస్తారు.

పెద్దవాళ్లు తెచ్చే సంబంధాలే కానక్కర్లేదు, నువ్వే చూసుకోవచ్చు. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి కార్యక్రమాలకు వెళ్లు, ఆదివారం కబ్బన్ పార్కులో నడిచే గుంపులున్నాయి, మారతహళ్లి వైపు మనవాళ్లు బోలెడంతమంది. ఎవరైనా నచ్చితే మొదటి రెండు మూడు కలయికల్లో పతకం ఊసెత్తకు. తర్వాత ఎత్తినప్పుడు ఏమడుగుతాడో విను. "సెల్ఫీ తీసుకుందామా" అన్నవాడి కంటే "మడమ ఇంకా నొప్పెడుతోందా" అన్నవాడు మేలు. పెళ్లి దాకా వస్తే ఇవి నోరు తెరిచి మాట్లాడుకోవాలి. పొద్దున షార్ట్స్ వేసుకుని పరిగెత్తడం మీ ఇంట్లో ఎవరికైనా అభ్యంతరమా? అమ్మానాన్నలకి నేను పంపే డబ్బు? పింఛను, డిపాజిట్ ఎవరి చేతిలో? పిల్లలు ఎప్పుడు, నెలసరి కుదురుకోవడానికి సమయం పడితే ఏమంటారు? నాకు బదిలీ అయితే? పెళ్లయ్యాక చూసుకుందాం అని దాటవేసే ప్రశ్న దగ్గరే సాధారణంగా గొడవ ఉంటుంది.

నిన్ను గురించి కూడా ఒకటి చెప్పాలి. పన్నెండేళ్లుగా నీకు నేర్పింది నొప్పి దాచమని. పక్క లేన్‌వాళ్లకి నీ ఊపిరి తెలియకూడదు. ట్రాక్ మీద అది బలం. ఇంట్లో అదే గోడ. అతను "ఏమైంది?" అంటే నువ్వు "ఏం లేదు" అంటావు, పాపం అతను నమ్ముతాడు, రాత్రికి అతని మీదే కోపమొస్తుంది. కాబట్టి చిన్నవాటితో మొదలుపెట్టు. కాలు నొప్పిగా ఉంది, ఇవాళ ఆఫీసులో బాధేసింది, నువ్వు ఆలస్యంగా వచ్చావు, ఇలా అనుకున్న పూటే అనెయ్యి. మొదట్లో గొంతు పెగలదు, అలవాటవుతుంది. నువ్వు తొమ్మిదికి పడుకునేదానివి, ఇక్కడి ఐటీ అబ్బాయికి అమెరికా కాల్స్ రాత్రి పదకొండు దాకా. ఎవరో ఒకరు మారాలని పట్టుబట్టకుండా, పొద్దున కాఫీ గంట ఇద్దరిదీ అనుకోండి. ఆ గంటలో ఫోన్లు హాల్లో ఉండాలి.

అడుగున పిన్నులుండే ఆ పరుగు బూట్లు, నీ స్పైక్స్, ఇప్పుడప్పుడే పారెయ్యకు, ఎవరికీ ఇచ్చెయ్యకు. వాటి రెంచితో పిన్నులు విప్పి, మరలో ఇరుక్కున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీసి, చుక్క వేసలిన్ రాసి చిన్న డబ్బాలో వెయ్యి. అలాగే వదిలేస్తే ఈ ఊరి వానాకాలం చెమ్మకి తుప్పు పట్టి ఇక ఊడిరావు. బూట్లలో పేపరు కుక్కి అటక మీద పెట్టు.

నాడా జవాబు వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. ఆ సాయంత్రం మా ఇంటికి భోజనానికి రా, సంగటి, నాటుకోడి పులుసు చేస్తాను.

మీ పెద్దమ్మ