రీఅఫర్మ్ అంటే ఉత్త ‘మళ్ళీ చెప్పడమే’నా?

రీఅఫర్మ్, రీఇటరేట్ రెండింటినీ పేపర్లలో ‘పునరుద్ఘాటించారు’ అనే రాస్తారు కదా, మరి తేడా ఏంటి అని అడిగారు. నాకు ఆ తేడా తిట్లు తిన్నాకే తెలిసింది.

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఎగుమతి ఆఫీసులో కొత్తగా చేరాను. 20వ తేదీకి సరుకు పంపుతామని బయ్యర్‌కి అంతకుముందే మెయిల్ వెళ్ళింది. ఈలోగా వానలకి క్వారీలో నీళ్ళు నిలిచాయి. ‘28న పంపుతామని రీఅఫర్మ్ చేస్తున్నాం’ అని రాసి పంపేశా. పెద్ద మాట వాడానని లోపల గర్వం కూడా! గంటలో ఫోను: “ముందు 20 అన్నారు, ఇప్పుడు 28 అని రీఅఫర్మ్ అంటున్నారు, ఏది ఖాయం?” మేనేజరు గారు నెత్తి కొట్టుకున్నారు. “తేదీ మారిస్తే రివైజ్ అనాలయ్యా, రీఅఫర్మ్ ఏంది?”

ఇంటికెళ్ళి నాన్నకి చెబితే, “చెల్లు వేయించడం లాంటిదన్నమాట” అన్నాడు. మా కందుకూరు వైపు ప్రామిసరీ నోటు తెలియని ఇల్లుండదు. నోటుకి మూడేళ్ళ గడువు. అది దాటకముందే అప్పు తీసుకున్నాయన వందో రెండొందలో కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడతాడు. కొత్త అప్పేమీ పుట్టదు, పాత మాటకే మళ్ళీ బలం వస్తుంది. ఆ రోజు నుంచి ఇంకో మూడేళ్ళు. రీఅఫర్మ్ సరిగ్గా ఇదే. వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకుంటే అది రెన్యూ.

రీఇటరేట్‌కి ఇంత బరువు లేదు. చెప్పిందే ఇంకోసారి చెప్పడం, అది మాటివ్వడమే కానక్కర్లేదు. “ఇచ్చిన మాట మీదే ఉన్నాం” అంటామే, అది రీఅఫర్మ్. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ పీఠికలో మానవ హక్కుల మీద విశ్వాసం గురించి వాడింది ఈ క్రియనే. కోర్టు తన పాత తీర్పుకే కట్టుబడితే రీఅఫర్మ్, కింది కోర్టు తీర్పును సమర్థిస్తే అప్‌హోల్డ్.

రీఅఫర్మ్ తర్వాత ‘అబౌట్’ పెట్టకండి. ‘రీఅఫర్మ్ అగైన్’ అనీ రాయకండి, ‘రీ’లోనే ‘మళ్ళీ’ ఉంది. మీ లెటర్లో చెప్పబోయే మాట ఇంతకుముందు ఇవ్వకపోయి ఉంటే కన్ఫర్మ్ చాలు.