విని నేర్చుకునేవారికి రికార్డర్: ముందు చూడవలసింది ప్లేబ్యాక్

ఫోన్ ఉండగా సంగీతం రికార్డు చేసుకోవడానికి విడిగా రికార్డర్ అవసరమా, అవసరమైతే ఎలాంటిది తీసుకోవాలి అని మీరు అడిగారు. అనుభవజ్ఞులు వాయించే సంప్రదాయ బాణీలను స్వరాలు రాసుకోకుండా, కేవలం విని నేర్చుకోవాలన్నది మీ ఉద్దేశమని కూడా రాశారు. నేను వేణువు మీద ఇదే పద్ధతిలో నేర్చుకుంటూ చాలా ఏళ్లుగా చేతిలో ఇమిడే రికార్డర్లు వాడుతున్నాను కనుక, అనుభవం మీద తెలిసిన సంగతులు చెబుతాను. రికార్డర్ల ప్రకటనలన్నీ మైకుల గురించి, రికార్డింగ్ నాణ్యత గురించి మాట్లాడతాయి. మీ పనికి మాత్రం వాటికంటే ముందు చూడవలసింది ప్లేబ్యాక్, అంటే రికార్డు చేసినదాన్ని తిరిగి వినిపించే తీరు. ఒక బాణీని రికార్డు చేసేది ఒక్కసారే అయినా, దాన్ని ముక్కలు ముక్కలుగా, వాయిద్యం చేతిలో పట్టుకుని, వారాల తరబడి వింటాం.

కాబట్టి మీరు కొనే పరికరంలో మూడు సదుపాయాలు తప్పనిసరిగా ఉండాలి. మొదటిది ఎ-బి రిపీట్, అంటే ఒక చోట మొదలు, మరో చోట చివర గుర్తుపెట్టి ఆ మధ్య భాగాన్నే మళ్లీ మళ్లీ వినగలగడం. రెండోది శ్రుతి మారకుండా వేగం తగ్గించగలగడం. మూడోది ఒక్క నొక్కుతో కొన్ని సెకన్లు వెనక్కి వెళ్లగలగడం; చూడటానికి చిన్న విషయమే కానీ, సాధనలో ఎక్కువసార్లు నొక్కే మీట అదే. ఈ మూడూ మెనూల లోపల దాగి ఉండకుండా, చూడకుండానే వేలికి తగిలేలా ఉన్నాయో లేదో కొనేముందు చేతిలోకి తీసుకుని పరీక్షించండి. ఒక చేత్తో వేణువు పట్టుకుని మరో చేత్తో నాలుగు మెనూలు దాటవలసి వస్తే, నేర్చుకోవడం కంటే వెతుక్కోవడమే ఎక్కువవుతుంది.

వేగం తగ్గించడం ఎంత పనికొస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. నేను నేర్చుకుంటున్న ఒక బాణీ రెండో భాగంలో ఒక దీర్ఘ స్వరం ఉంది. మామూలు వేగంలో అది సన్నగా వణికిన ఒకే స్వరంలా వినిపించేది, ఎంత ఊదినా నాకు ఆ వణుకు వచ్చేది కాదు. అరవై శాతం వేగంలో ఆ రెండు సెకన్ల ముక్కను తిప్పి తిప్పి విన్నప్పుడు, అక్కడ ఉన్నది ఒక స్వరం కాదనీ, అదే స్వరం మూడు ముక్కలుగా విడిపోయిందనీ తెలిసింది. మొదట స్వరం నిలకడగా వస్తుంది. ఆపైన ఒక వేలు రెప్పపాటు లేవడంతో విడిపోయి మళ్లీ అదే స్వరం వస్తుంది. తర్వాత కిందివైపు వేలు రంధ్రం మీద ఠపీమని తట్టడంతో మూడోసారి మొదలవుతుంది. ఈ వేళ్ల కదలిక తెలిసిన తర్వాత ఆ చోటు దానంతట అదే వేలికి అలవాటైంది. ఎదురుగా కూర్చుని చూసినా ఆ వేగంలో కంటికి అందని విషయం అది.

అయితే నెమ్మదిగా వినడానికీ ఒక హద్దు ఉంది. టేపు రికార్డర్ల కాలంలో వేగం సగానికి తగ్గిస్తే శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) మొత్తం కిందికి జారేది. డిజిటల్ పరికరాలు శ్రుతిని నిలబెట్టి కాలాన్ని మాత్రమే సాగదీస్తాయి. అయినా సగం వేగానికి దరిదాపుల్లోకి వచ్చేసరికి స్వరాల మొదళ్లు అలుక్కుపోయి, నీళ్లలో మునిగి విన్నట్టు ఉంటుంది. పైగా బాణీ నడక అసలు వేగంలోనే తెలుస్తుంది. అందువల్ల నేను మొదట పూర్తి వేగంలో గొంతుతో పాడగలిగేదాకా వింటాను, చిక్కు పడిన ముక్కలను మాత్రమే నెమ్మదిగా విని, తిరిగి అసలు వేగానికి వస్తాను. హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 1906లో గ్రామీణ పాటలను సేకరించడానికి ఫోనోగ్రాఫ్ అనే తొలితరం రికార్డింగ్ యంత్రం వాడటం మొదలుపెట్టినప్పుడు, ఒక మైనపు సిలిండర్ మీద కొద్ది నిమిషాల సంగీతం మాత్రమే పట్టేది. ఈనాడు మనకున్న వెసులుబాటు ఎంతటిదో నాకు తరచుగా గుర్తుకొస్తుంది.

ఇక ఫోన్ సంగతి. అత్యవసరానికి అది చాలు, కాదనను. కానీ చాలా ఫోన్లు మాటను స్పష్టంగా వినిపించడానికి తయారైనవి కనుక, మెల్లని ధ్వనిని పెంచుతూ గట్టి ధ్వనిని తగ్గిస్తూ, వెనకాల శబ్దమనుకున్నదాన్ని తుడిచేస్తూ ఉంటాయి. సంగీతంలో ఏ దెబ్బ మీద బరువు పడిందో, ఏది తేలికగా జారిందో అన్నదే బాణీకి ప్రాణం. ఫోన్ సమం చేసేది సరిగ్గా దాన్నే. చాలా రికార్డర్లలో కూడా ధ్వని స్థాయిని తనంతట తానే సర్దే ఆటోమేటిక్ సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపివేసి స్థాయిని మీరే పెట్టుకోండి. వాయించేవారిని అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు ఒకసారి వాయించమని అడిగి, మీటరు అప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చూసుకుంటే సరిపోతుంది. మీటరు మీద గరిష్ఠ హద్దు సున్నా; దాన్ని దాటి చిట్లిన ధ్వనిని తర్వాత ఎవరూ పూర్తిగా బాగుచేయలేరు. మెల్లని ధ్వనినీ చాలా గట్టి ధ్వనినీ చిట్లకుండా నమోదు చేసే 32-బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేసే జూమ్ హెచ్1 ఎసెన్షియల్ వంటి పరికరాల్లో ఈ స్థాయి పెట్టే పనే ఉండదు. అయితే ఆ ఫైళ్లను కొన్ని మామూలు ప్లేయర్లు తెరవలేవు.

ఫార్మాట్ విషయంలో ఎక్కువ ఆలోచించకండి. 16-బిట్, 44.1 కిలోహెర్ట్జ్ స్టీరియోలో కుదింపు లేని వేవ్ (WAV) ఫైలు గంటకు దాదాపు 635 మెగాబైట్లు తీసుకుంటుంది, అంటే 32 గిగాబైట్ల కార్డులో సుమారు 50 గంటలు పడతాయి. ఎంపీ3 అందులో చిన్న వంతే అయినా, దాన్ని సాగదీసి విన్నప్పుడు కుదింపులో పోయిన వివరాలు బయటపడతాయి కనుక నేను వేవ్‌నే ఎంచుకుంటాను.

మోడళ్ల విషయానికి వస్తే, టాస్కామ్ డీఆర్-05ఎక్స్, జూమ్ హెచ్1ఎన్ రెండింటిలోనూ శ్రుతి మారకుండా సగం దాకా వేగం తగ్గించవచ్చు. డీఆర్-05ఎక్స్ మైకులు అన్ని వైపుల నుంచీ వింటాయి; వృత్తంగా కూర్చున్న బృందం మధ్యలో పెట్టడానికి అది అనువు. హెచ్1ఎన్‌లో ఎక్స్-వై అమరికలో, అంటే ఒకదాన్నొకటి దాటేలా కోణంలో ఉన్న మైకులు ఎదురుగా ఉన్న ధ్వనిని ఎక్కువగా పట్టుకుంటాయి; ఒక్కరి దగ్గర కూర్చుని నేర్చుకునేవారికి, సందడిలో ఒక వాయిద్యాన్ని విడిగా వినాలనుకునేవారికి ఇది మేలు. మీరు ఎక్కువగా ఒకే గురువు దగ్గర నేర్చుకుంటున్నట్టు రాశారు కాబట్టి, నేనైతే రెండో రకాన్నే సూచిస్తాను. పాతబడిన మోడల్ అయినా పై మూడు సదుపాయాలూ ఉంటే నిస్సంకోచంగా తీసుకోండి. వేగం తగ్గించే పని కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో కూడా చేయవచ్చు. మీ వాయిద్యం శ్రుతి వారి శ్రుతితో కలవనప్పుడు రికార్డింగ్ శ్రుతిని జరపడానికి కూడా అది పనికొస్తుంది.

రికార్డర్‌ను నేరుగా బల్ల మీద పెట్టకుండా కింద మడతపెట్టిన గుడ్డ వేయండి, లేకపోతే తాళం వేసే పాదం దెబ్బలన్నీ అందులోకి వస్తాయి. వేణువు అయితే ఊపిరి నేరుగా మైకుకు తగలని పక్కన ఉంచండి. బ్యాటరీలు మార్చుకునే వీలున్న పరికరమైతే ఒక జత అదనంగా వెంట ఉంచుకుంటే చాలు.

రికార్డు చేసేముందు వాయించేవారి అనుమతి అడగండి, ఆ రికార్డింగ్ మీ సాధన కోసమే అయితే ఆ మాట కూడా చెప్పండి. బాణీ ముగిశాక ఆపే మీట వెంటనే నొక్కకండి. దాని పేరేమిటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగితే, ఆ జవాబు వారి గొంతులోనే అదే ఫైలులో ఉండిపోతుంది. ఇంటికి రాగానే ఆ పేరుతో, తేదీతో ఫైలుకు పేరు మార్చి, మరో చోట ఒక నకలు పెట్టుకోండి. పరికరం తనంతట తాను పెట్టే అంకెల పేర్లతో వదిలేస్తే, కొన్ని నెలల తర్వాత ఏ ఫైలులో ఏ బాణీ ఉందో ఒక్కొక్కటీ విని తెలుసుకోవలసి వస్తుంది.