పురుగు పేరు పెట్టుకున్న తెల్లరాయి

ప్రశ్న: నాసిక్ నుంచి తెచ్చిన ఒక రాతి ముక్క మా ఇంట్లో ఉంది. నల్లరాతి మీద తెల్లని సూదులు విసనకర్రలా విచ్చుకొని ఉంటాయి. దాన్ని స్కోలెసైట్ అంటారని, ఆ పేరుకు మూలం పురుగు అనే అర్థమున్న మాట అని విన్నాను. ఇంత అందమైన రాయికి ఆ పేరెందుకు పెట్టారు?
— ఒక పాఠకురాలు, వికారాబాద్

జవాబు: మీరు విన్నది నిజమే. గ్రీకులో ‘స్కోలెక్స్’ అంటే పురుగు. ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి బద్దెపురుగు తలభాగం పేరుగా ఈ మాట గుర్తుండే ఉంటుంది. అయితే ఇది రాయి రూపాన్ని చూసి పెట్టిన పేరు కాదు, మంట తగిలినప్పుడు దాని తీరును చూసి పెట్టిన పేరు. దీపపు మంటలోకి సన్నని గొట్టంతో గాలి ఊది, వేడిని ఒకే చోటికి మళ్లించి ఖనిజాలను పరీక్షించే ఆ కాలంలో, 1813లో, గేలెన్, ఫుక్స్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఈ పేరు పెట్టారు. ఆ మంటలో దీని సూది కొన్నిసార్లు పురుగులా మెలికలు తిరిగి ముడుచుకుపోతుంది.

ఆ మెలికకు కారణం స్ఫటికంలోని నీరు. స్కోలెసైట్ జియోలైట్ జాతి ఖనిజం. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి కట్టిన దాని చట్రంలోని సన్నని దారులలో కాల్షియం, నీటి అణువులు ఇమిడి ఉంటాయి. బరువులో దాదాపు 14 శాతం నీరే. గట్టిగా కాల్చినప్పుడు అది ఆవిరై బయటికి తోసుకువస్తుంది. స్వీడన్ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ 1756లో ఈ జాతికంతటికీ ‘మరిగే రాయి’ అన్న అర్థంలో జియోలైట్ అని పేరు పెట్టడానికీ ఇదే కారణం.

పేరు వినడానికి ఇంపుగా లేకపోయినా, నా దృష్టిలో ఇది ఎంతో నిజాయితీ గల పేరు. ఎందుకంటే నాట్రోలైట్ అనే మరో జియోలైట్ కూడా అచ్చం ఇలాంటి తెల్లని సూదులుగానే పెరుగుతుంది, కంటితో చూసి రెండింటినీ వేరుచేయడం కష్టం, కాబట్టి రూపాన్ని చూసి పెట్టే పేరు రెండింటికీ సరిపోతుంది. అందులో సోడియం (లాటిన్‌లో నాట్రియం) ఉంటుంది కాబట్టి జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1803లో దానికి ఆ పేరు పెట్టాడు. రెండు సోడియం అయాన్లు చేసే పనిని స్కోలెసైట్‌లో ఒక్క కాల్షియం అయానే చేస్తుంది, అలా మిగిలిన చోటులోకి అదనంగా ఒక నీటి అణువు చేరుతుంది. సోడియం, కాల్షియం రెండూ ఉన్న మూడో ఖనిజానికి, ఈ రెండింటి నడుమ నిలుస్తుంది కనుక, మెసోలైట్ అన్నారు.

మీ ముక్కలోని నల్లరాయి దక్కన్ బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావా అది. మీ వికారాబాద్ ప్రాంతంలోనూ ఆ పొరలున్నాయి. లావా చల్లబడేటప్పుడు వాయువుల బుడగలు ఖాళీ గుల్లలుగా మిగిలిపోగా, తరువాతి కాలంలో రాతిలోంచి ఊరిన వేడినీరు తనలో కరిగిన పదార్థాలను ఆ గుల్లల్లో స్ఫటికాలుగా పేర్చింది.

పేరు నిజమో కాదో చూడాలని మీ ముక్కను దయచేసి కాల్చకండి. ప్రతి సూదీ మెలిక తిరగదు, పోయిన అందం తిరిగి రాదు. భూగర్భశాస్త్ర విభాగం ఉన్న కళాశాలకు రాలిన ఒక్క సూదిని తీసుకువెళ్తే చాలు. ఒకే దిశలో కంపించే కాంతితో చూపే ధ్రువణ సూక్ష్మదర్శిని కింద తిప్పినప్పుడు నాట్రోలైట్ సూది నిలువుగా ఉన్నప్పుడే చీకటిగా మారుతుంది, స్కోలెసైట్ అయితే దాదాపు 18 డిగ్రీలు వాలినప్పుడు మారుతుంది.